తొలి జెండా కుట్టిన చెయ్యి

సూది మూడోసారి వేలికి గుచ్చుకుంది. జెండా అమ్మమ్మ ఆ వేలు నోట్లో పెట్టుకుని, కుడుతున్న దిండు గలీబును పక్కన పడేసింది.

"ఇంకా చీర మార్చుకోలేదేంటమ్మా? నాలుగింటికల్లా కారొస్తుంది" అంది కూతురు.

"ఒంట్లో బాగాలేదే. నన్ను వదిలెయ్యమను."

"పొద్దున కడుపునొప్పన్నావు. మధ్యాహ్నం మోకాలన్నావు. ఇప్పుడేంటి, తలనొప్పా? మా బడి పిల్లలు నీకంటే నయం, ఒకే సాకు మీద నిలబడతారు."

కూతురు బడిలో పంతులమ్మ. ఆమె ముందు సాకులు సాగవు.

ఆవిణ్ణి జెండా అమ్మమ్మ అని ఊరంతా పిలవడానికి కారణం ఉంది. యాభై ఏళ్ళ కిందట దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పొద్దున ఎగరేసిన మొట్టమొదటి జెండా ఆవిడ కుట్టిందే. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. కబురు సాయంత్రం వస్తే, తెల్లారేసరికి కుట్టి ఇచ్చింది. ఆ తర్వాత దేశంలో కుట్టిన ప్రతి జెండా దాన్ని చూసి కుట్టిందే.

ఇప్పుడు ఆ జెండాను ఉంచాలా మార్చాలా అని దేశమంతా ఓటు పెట్టారు. రేపే ఓటు. ఊళ్ళో అన్నదమ్ములు మాటలు మానేశారు. మంగలి షాపులో ఉంచాలనే వాళ్ళకో కుర్చీ, మార్చాలనే వాళ్ళకో కుర్చీ. ఎందులో కూర్చున్నా గొరిగేది తనే కదా అని మంగలి మాత్రం నవ్వుకుంటున్నాడు. రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్నాయని పేపర్లు రాశాయి. తొలి జెండా కుట్టిన మనిషి నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, త్రాసు ఒకవైపు ఒరిగిపోతుందని కూడా రాశాయి.

ఆ పేపరు చదివినప్పటి నుంచి అమ్మమ్మకు అన్నం సహించడం లేదు. నెల రోజులుగా ఎవరైనా జెండా మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది. తన జెండాను తీసేస్తారేమోనని బెంగ పెట్టుకుందని కూతురు అనుకుంది. అందుకే హెడ్మాస్టరు వచ్చి సభకు పంపమని అడిగితే, అమ్మను అడక్కుండానే సరేనంది.

హెడ్మాస్టరు 'ఉంచాలి' పక్షానికి ఆ ఊరి పెద్ద. పంతులమ్మకు చదువు చెప్పిందీ, ఆ బడిలో ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. నాలుగు కాకముందే కారుతో దిగాడు.

"మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదమ్మా. నా జెండాను మార్చకండి అనండి, చాలు. దేశమంతా టీవీలో వింటుంది."

అమ్మమ్మ చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

కారులో ఆయన ఉత్సాహంగా చెబుతూనే ఉన్నాడు. గెలిస్తే రాజధానిలో పెద్ద హాలు కడతారట. అమ్మమ్మ కుట్టిన జెండాను అద్దాల బీరువాలో పెడతారట. జెండా బొమ్మ గీసినాయన, పాపం, అది ఎగరడానికి పది రోజుల ముందే పోయాడు. ఆయన సామాన్ల పెట్టె ఇన్నేళ్ళూ ఎవరూ తెరవలేదట. గెలిచాక ఇంటివాళ్ళు దాన్ని తెరిచి, ఆయన గీసిన జెండా బొమ్మతో సహా అందులోని కాగితాలన్నీ ఇస్తామన్నారట. అవీ ఆ హాల్లోనే పెడతారట.

పెట్టె మాట వినగానే అమ్మమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఓడిపోతే?" అని అడిగింది.

"ఓడిపోయిన జెండాకు హాలెవరు కడతారమ్మా? అన్నీ ఏ గోదాములోనో పడేస్తారు. అందుకే కదా మీ కాళ్ళా వేళ్ళా పడుతున్నది."

సభ జరిగే మైదానంలో ఇసుక వేస్తే రాలడం లేదు. హెడ్మాస్టరు మైకు ముందుకెళ్ళి, పైన ఎగురుతున్న జెండాను చూపించాడు. అడుగున నలుపు, నడుమ నారింజ, పైన తెలుపు. నలుపు మనం పడ్డ చీకటి, దాన్ని కాళ్ళ కింద వేసి తొక్కాం కనకనే అడుగున ఉందన్నాడు. నారింజ తెల్లవారడం, తెలుపు పట్టపగలు. అంత ఆలోచించి పెట్టిన వరసను నిన్న పుట్టినవాళ్ళు వచ్చి మారుస్తామంటున్నారన్నాడు. చప్పట్లు మోగాయి. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె పిల్లలకు చెబుతున్న పాఠం అదే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.

ముందు వరసలో కర్రకాలు మాజీ సైనికుడొకాయన లేచి నిలబడి, చప్పట్లు ఆగినా సెల్యూట్ దించలేదు. అమ్మమ్మ అతన్ని చూసి తల వంచుకుంది.

మైకు ఆమె ముందుకొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మార్చెయ్యండి నాయనా" అంది.

హెడ్మాస్టరు గబగబా మైకు లాక్కుని, అమ్మ కంగారులో ఏదో అన్నారని సర్దబోయాడు. అమ్మమ్మ మైకు తన వైపు తిప్పుకుంది.

"కంగారేం లేదు. మార్చెయ్యండి."

తిరిగి వెళ్ళేటప్పుడు కారు రాలేదు. తల్లీ కూతుళ్ళు నడిచే వచ్చారు. దారిలో తెలిసినవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఎదురింటావిడ వీళ్ళను చూసి కిటికీ రెక్క మూసుకుంది.

ఇంట్లోకి రాగానే కూతురు చెప్పులు మూలకు విసిరేసింది.

"హెడ్మాస్టరుకి నా మొహం ఎలా చూపించను? పిల్లలకు ఏం చెప్పను? నీ చేత్తో కుట్టిన జెండా కదమ్మా. అది నీకేం అన్యాయం చేసింది?"

అమ్మమ్మ లేచి తలుపు గడియ వేసింది. వచ్చి కూతురి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నలుపు పైకి రావాలే, నేనే తిరగేసి కుట్టాను."