అద్దం మీది బొట్టుబిళ్ళ

"గీకొద్దక్కా!"

అద్దం తుడుస్తున్న భువనేశ్వరి చెయ్యి ఆగింది. గోటి కింద ఎర్ర బొట్టుబిళ్ళ. తమ్ముడి భార్య సునంద అంటించింది. సునంద చనిపోయి ఏడాదైంది.

"ఏంది శివా, అంటుకున్నేవి పీకేదే గదా కాలేజీలో నీ పని?"

"ఆడ పీకేది గ్రాఫీన్ పొరనక్కా, కంటికి ఆనని పల్చటి కార్బన్ పొర. జిగురు లేకుండానే గాజును పట్టుకుంటాది. ఎంత గట్టిగా పట్టుకునిందో తెలియాలంటే, కింద నుంచి గాలి ఎక్కించి ఊడదీయాల్సిందే."

"దీని జిగురు ఎండిపోయిందిరా. గాలి తగిల్నా రాలిపోతాది."

"తెలుసక్కా."

ప్రొద్దుటూరు ఉక్కకు తాళలేక ఆమె ఫ్యాను వేయబోతూ పైకి చూసింది. రెక్కల మధ్య సాలెగూడు, దాని మీద దట్టంగా దుమ్ము.

అద్దం మీది బొట్టుబిళ్ళ వైపు చూసి, స్విచ్చి మీది చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుతో తమ్ముడి మెడ మీది చెమట తుడిచింది.