డబ్బా పక్కన పుల్ల

"అవ్వా, మీ ఊరి ఎర్తు ఏడున్నది?"

సంచి భుజాన వేసుకుని వచ్చిన కొత్త మనిషి అడిగింది ఇదే. రుక్కమ్మ చెవికి చేరింది మాత్రం 'ఎద్దు'.

"ఊరికి ఎద్దేంది? మా ఎద్దుతోని నీకేం పని?"

"నీళ్ల మోటారు కాడ ఉండాలె గదవ్వా."

"మోటారు కాడ ఎద్దెందుకుంటది? మోటార్లొచ్చినంకనే ఎద్దులనమ్మిరి."

ఆయన ఒక దండం పెట్టి మోటారు వైపు నడిచాడు. రుక్కమ్మ బిందె అక్కడే దించి ఊళ్లోకి నడిచింది.

గట్టు దగ్గరి ఆ ఊరికి కరెంటు వస్తూ పోతూ ఉండేది. అనుమానం మాత్రం వచ్చిందంటే పోయేది కాదు. ఎద్దుల దొంగ దిగాడన్న కబురు తీగ లేకుండానే ఇల్లిల్లూ అంటుకుంది.

అందరూ వచ్చి చూస్తే, ఎద్దుల దొంగ గుంత తవ్వుతున్నాడు.

"కరెంటు లేని యాళ్ల జూసి వచ్చిండు," అన్నాడు నీళ్లు వదిలే వెంకటన్న.

తాగునీటి మోటారుకు ఒక ఇనుప డబ్బా. అందులో స్టార్టరు. ఆ డబ్బా ముట్టుకుంటే కొడుతుంది. అందుకే ఊరివాళ్లు ఒక ఎండు వేపపుల్లకు దారం కట్టి పక్కనే వేలాడదీశారు. మోటారు ఎవరు వేసినా కాళ్లకు చెప్పులుండాలి, మీట పుల్లతోనే నొక్కాలి. డబ్బా బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. పుల్ల విరిగితే మాత్రం పూట తిరక్కుండా కొత్తది కట్టేవారు.

మీట నొక్కడానికి పుల్ల ఉన్నట్టే, ఎదుటివాళ్ల మాట నొక్కడానికి సావిత్రమ్మ ఉంది.

"ఎవరయ్యా నువ్వు? ఎవరు పంపిండ్రు?"

"ఎవరూ పంపలే. నేనే వచ్చిన."

"సంచిల ఏమున్నది?"

ఆయన విప్పి చూపించాడు. కొంచెం రాగి తీగ. ఒక మూటలో బొగ్గులు. ఇంకో మూటలో దొడ్డుప్పు.

జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"బాణామతి," అన్నాడు వెంకటన్న, గొంతు తగ్గించి.

"కాదన్నా, ఎర్తు గుంట ఎండిపోయింది. ఉప్పు, బొగ్గు ఏసి నీళ్లు పోస్తే..."

"ఉప్పు, బొగ్గు ఎందుకేస్తరో మాకు తెల్వదా?" సావిత్రమ్మ మాట నొక్కేసింది. "పోయినేడు గీ డబ్బ కాడనే ఒక పిల్లగాడు పానమిడిసిండు. మోటారు బాగుచెయ్య వచ్చిండు, డబ్బ ముట్టిండు, పడ్డడు. గద్వాల దవాఖానకు పంపితిమి. ఎవరి పిల్లగాడో ఏమో. గీడ ఎవడో ఏదో పెట్టిండని నేను గప్పుడే అన్న."

ఆయన మళ్లీ గుంత వైపు తిరిగాడు. వంగి, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు గుంతలో పోశాడు. రాగి తీగ ఒక కొస డబ్బాకు, ఇంకో కొస గుంతలో బయటపడ్డ పాత ఇనుప కడ్డీకి బిగించాడు. రుక్కమ్మ దించిపోయిన బిందె తెచ్చి అందులోని నీళ్లు కుమ్మరించాడు.

"రుక్కమ్మా, ఇగ నీ బిందె పాయె," అన్నారెవరో.

ఆయన లేచి నిలబడి, వేలాడుతున్న పుల్లను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నాకిస్తరా?"

రాగి దొంగల గురించి విన్నారు, ఎద్దుల దొంగల గురించి విన్నారు. పుల్లల దొంగ గురించి వినడం అదే మొదలు.

"పుల్ల పట్కపోయి మా ఊర్ల పుల్లలు పెడ్తవా?" అంటూ వెంకటన్న ఆయన రెక్క పట్టి రోడ్డు దాకా ఈడ్చుకుపోయి గద్వాల బస్సెక్కించాడు.

"డబ్బ ఇంక కొట్టదన్నా," అన్నాడాయన మెట్టు మీద నిలబడి.

"మల్ల కనపడితే మేం కొడ్తం," అన్నాడు వెంకటన్న.

గుంతలోవన్నీ తవ్వి పారేయాలని ఊరంతా ఒప్పుకుంది. తవ్వడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని, ఆయన ముట్టుకున్న పుల్లను తెంపి పొయ్యిలో పెట్టారు.

సాయంత్రం కరెంటు వచ్చింది. బిందెలు బారులు తీరాయి. పుల్ల లేదు.

ఇంకో పుల్ల వెతుకుతూ డబ్బా పక్కకు పోయిన రుక్కమ్మ, ఆయన చేసిన బురదలోనే కాలుజారి, పడబోతూ రెండు చేతులతో డబ్బానే పట్టుకుంది.

చెప్పులు బురదలో. చేతులు తడి.

బారంతా వెనక్కి జరిగింది.

రుక్కమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"ఏం సూస్తుండ్రే? పట్టి లేపుండ్రి."

ఎవరూ దగ్గరికి పోలేదు. ఆమెకు షాకు కొట్టలేదని ఊరంతటికీ షాకు కొట్టింది.

"డబ్బకు మందు పెట్టిండు," అంది సావిత్రమ్మ. "ఇయ్యాల ఊకుంటది. రేపు ఒక్కపారే మింగుతది."

తెల్లారి, గద్వాలలో మోటార్ల వైండింగు దుకాణం ఉన్న అబ్దుల్ మజీద్‌ను పిలిపించారు. ఆయన టెస్టరు పెట్టి చూశాడు. గుంత చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"కరెంటుకు ఒకటే ఫికర్ సావిత్రమ్మా. యాడికెల్లి బయలెల్లిందో గాడికే మల్ల పోవాలె. డబ్బలకు కారిన కరెంటుకు మంచి బాట ఉంటే భూమిలకెల్లి పోతది. లేకుంటే, ముట్టుకున్నోడే బాట. మన్ను ఎండితే బాట బంద్. ఉప్పు, బొగ్గు ఏసి తడుపుతే బాట ఖుల్లా. గింతే. బాణామతి గిట్ల ఏం లేదు."

"మరి ఎద్దును ఎందుకడిగిండు?" అంది రుక్కమ్మ.

"ఎద్దు కాదవ్వా, ఎర్తు. ఎర్తంటే గీ భూమే."

"ఆయన నీకెర్కనా?"

"ఎర్కే. మద్దిలేటి. వనపర్తి దిక్కు మేకలు కాసుకునేటోడు. గీ ఎర్తు నేను చేసొస్త అంటే ఒప్పలే. నా దుకాణంల కూసోని గీ ఒక్క పని నేర్చుకున్నడు. ఇంకోటి నేర్పుత అంటే వద్దన్నడు."

"మేకలు కాసేటోనికి మా పుల్లెందుకు?" వెంకటన్న అనుమానం ఇంకా పోలేదు.

మజీద్ ఖాళీగా ఊగుతున్న దారం వైపు చూశాడు.

"పోయినేడు మీ మోటారు బాగుచెయ్య పిల్లగాన్ని పంపింది నేనే. పుల్లతోనే నొక్కాలెనని మీ ఊర్ల అందరికెర్క, వానికి ఒక్కరూ చెప్పలే," అన్నాడు. "వాడు మద్దిలేటన్నకు ఒక్కడే కొడుకు."