తలుపు మీది పేరు

పేరు పలకకి ఇక ఒక్క స్క్రూయే మిగిలింది. తుప్పుపట్టి కదలడం లేదు. ఫ్రిట్స్ బ్రోక్‌మన్ ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఉండనీయండి పెద్దాయనా, తలుపుకి బాగానే ఉందిగా," అన్నాడు ఇల్లూ పొలమూ కొనుక్కున్న థోర్స్టెన్ క్రూజె.

"నీకెందుకయ్యా అది? పిల్లల్లేనివాణ్ణి. మా వంశం పేరు నాతోనే పోనీ."

సామాను సర్దుతున్న ఆయన భార్య ఇర్మ్‌గార్డ్ నవ్వింది. "ఏ వంశం? మీ నాన్న పుట్టింది హిల్లెబ్రాండ్ వాళ్లింట్లో. ఇల్లరికం వచ్చాక, ఇక్కడి ఆచారం ప్రకారం ఈ పొలం పేరే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. మీ అమ్మ వాళ్ల నాన్నా అంతేగా!"

"తెలుసులేవే."

"బ్రోక్ అంటే ఈ చిత్తడి నేలే కదా. అదెక్కడికీ పోదు. పోయేది మనమే."

ఫ్రిట్స్ మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

కంచె అవతలి నుంచి పొరుగావిడ కేకేసింది. "బ్రోక్‌మన్! నీ ఆవులు నా చేలో పడ్డాయి!"

ఫ్రిట్స్ అలవాటుగా లేవబోయాడు. ఆవులిప్పుడు థోర్స్టెన్‌వని అప్పుడు గుర్తొచ్చింది.

థోర్స్టెన్ ఆయన వంకే చూస్తున్నాడు.

"నన్ను చూస్తావేం? పిలుస్తోంది నిన్నే," అన్నాడు ఫ్రిట్స్, స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెడుతూ. "ముందు ఆవుల్ని తోలుకురా. వచ్చాక ఈ పలక బిగించుకో."