తాళం వేసిన ఇంటి మీటరు

"మా ఇంట్లో ఎవరో ఇస్త్రీ చేస్తున్నారు!"

మధ్యాహ్నం పూట తెర మీద తన ఇంటి మీటరు అంకెలు చూసి తాళం మేడం పెట్టిన కేకకి కంట్రోల్ రూములో అందరూ తలలెత్తారు. ఊళ్లోని స్మార్ట్ మీటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే ఆఫీసరు ఆమె. పాస్‌వర్డుకి కూడా పాస్‌వర్డు పెట్టే రకం కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

"మీరే ఆపడం మరిచిపోయి వచ్చారేమో," అన్నాడు పక్క సీట్లో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే పెద్దాయన.

"లేదు బాబాయ్. తాళం వేసి మూడుసార్లు లాగి చూసి మరీ వచ్చాను. ఉండేది నేనొక్కదాన్నే. ఇదిగో, ఇందాక గీజరు వేసి ఆపారు. ఇప్పుడు ఇస్త్రీపెట్టె. సెలవురోజు నేను చేసే పనులే, అదే వరస!"

"దొంగైతే బట్టలు ఎత్తుకుపోతాడు గానీ ఇస్త్రీ చేసిపెడతాడా? మనవాళ్లే ఎవరో మీటర్లోకి దూరి మీ పాత రీడింగులు మళ్లీ పంపుతున్నారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు."

ఆమె తెరకి దగ్గరగా జరిగింది. మీటర్లన్నిటికీ కట్టుదిట్టం చేసింది తనే. ఒక్కటి లొంగిందంటే ఊరి కరెంటంతా వాడి గుప్పిట్లో ఉన్నట్టే.

"ఇప్పుడే తేల్చేస్తాను. ఇక్కడి నుంచే మా ఇంటికి కరెంటు ఆపేస్తా. అయినా అంకెలు వస్తుంటే దొంగ రీడింగు. ఆగిపోతే..."

మిగతాది అనలేక మీట నొక్కింది. అంకె సున్నాకి పడిపోయింది. ఆమెకి భయం వేసింది. అంటే ఇంట్లో నిజంగానే ఎవరో ఉన్నారు.

అంతలో పెద్దాయన ఫోను మోగింది. విని, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ ఇంటి నుంచే. ఇస్త్రీ మధ్యలో కరెంటు పోయిందట. గొంతు అచ్చం మీదే. 'ఇవాళ నేను సెలవు కదా బాబాయ్, నా సీట్లో కూర్చుని మీట నొక్కిందెవరు?' అంటోంది."

"నమ్మకండి! రూలు ప్రకారం రహస్య ప్రశ్న అడగండి!"

ఆయన తెర మీద చూస్తూ అడిగాడు. "చిన్నప్పుడు మీ అమ్మగారు మిమ్మల్ని ముద్దుగా ఏమని పిలిచేవారు?"

జవాబు విన్నాడు. తెర మీద ఉన్నదానితో సరిపోయింది. మెల్లగా తన కుర్చీని ఆమెకి దూరంగా జరుపుకున్నాడు.

"తడుముకోకుండా చెప్పిందమ్మా. ఇప్పుడు మీరు చెప్పండి."

"భలేవారే, ఆ మాత్రం నాకు తెలీదా..." అని నవ్వబోయింది.

ముద్దుపేరు సంగతి సరే, ఎంత తలచుకున్నా అమ్మ ముఖమే గుర్తుకు రాలేదు.