సిలికాన్ మీద బుడిపెలు

"మళ్లీ బుడిపెలే," అన్నాను మైక్రోస్కోపు మీంచి తలెత్తి. "అద్దంలా రావాల్సిన సిలికాన్ బిళ్లని గరుకు కాగితం చేశావు. చేతులా, చీపుళ్లా అవి?"

కొత్తగా చేరిన అమ్మాయి తల దించుకోలేదు. "తప్పు చేతులది కాదు మేడమ్. క్షారంలో సిలికాన్ కరిగేటప్పుడు బుడగలొచ్చి దానికే అంటుకుంటున్నాయి. బుడగ కూర్చున్న చోట కరగక బుడిపె మిగులుతోంది. కాస్త ఆల్కహాల్ కలిపితే జారిపోతాయి."

"ఇది ల్యాబా, బారా? పద్నాలుగేళ్లుగా ఈ పాళ్లతోనే చేస్తున్నాను. నాకే పాఠాలా?"

"ఆ పాళ్లే తప్పు మేడమ్."

ఒళ్లు మండిపోయింది. ఆమె ఆర్నెల్ల ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. ఉద్యోగంలో ఉంచాలో పంపేయాలో రాయాల్సింది నేనే. బయట కూర్చోమని చెప్పి తలుపు వేసుకున్నాను.

ముందు నా పాళ్లతో, నా చేతులతోనే ఒక బిళ్ల చేశాను. నిండా బుడిపెలు. చేసేటప్పుడు ఏదో పొరపాటు చేశానేమో అనుకున్నాను. అలా అనుకోవడం సులువు.

ఎవరూ చూడటం లేదు కదా అని రెండో బిళ్లకి ఆల్కహాల్ కలిపాను. కడిగి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్క బుడిపె లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాను కూడా, ఒక్కటైనా దొరకకపోతుందా అని.

తలుపు అద్దంలోంచి చూస్తే ఆమె ఇంకా నిటారుగా కూర్చునే ఉంది.

కాగితం ముందుకు లాక్కుని, పంపేయమని రాసి సంతకం పెట్టాను.

తప్పు ఆమెదే అయ్యుంటే క్షమించేదాన్నేమో.