సూదితోక బాతు కార్డు

కాలింగ్ బెల్ మోగేసరికి రబ్బరు ఇంకా నా చేతిలోనే ఉంది. గుమ్మంలో, నిన్న నాకు అడవి బాతుల కార్డులు అమ్మిన పెద్దావిడ.

తిరిగి అడగడానికే వచ్చిందనుకున్నాను. పిల్లలకు పక్షుల్ని గుర్తుపట్టడం నేర్పే పాతకాలపు బడి కార్డులవి. ఇరవై నాలుగూ ఒక్కచోట దొరకడానికి నాకు పదేళ్లు పట్టింది.

"కొన్నవి తిరిగివ్వనమ్మా," అన్నాను తలుపుకు అడ్డంగా నిలబడి.

"వద్దు బాబూ. సూదితోక బాతుది ఒక్కసారి చూపించు, చాలు."

చేతికిస్తే మళ్లీ వదులుతుందా? కార్డు తెచ్చి, ఒక కొస నేను పట్టుకునే చూపించాను. ఆవిడ వెనక్కి తిప్పింది.

"ఇక్కడ పెన్సిల్ గీతలుండాలే?"

"పొద్దుటి నుంచీ కూర్చుని తుడిచేశాను. కొత్తదానిలా లేదూ?"

ఆవిడ ఖాళీ అట్టను వేలితో తడిమింది.

"పక్షవాతంతో మా ఆయనకు మాట పడిపోయింది. రోజూ ఈ బొమ్మలు చూపించి పేర్లు అడిగేదాన్ని. ఇదొక్కటే చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఒక గీత పెట్టాను. పోయేదాకా ఆయన నోట ఇంకో మాట రాలేదు. ఎన్నిసార్లు మాట్లాడారో చూసుకుందామని వచ్చాను."

కార్డు వదిలేశాను. ఆవిడ బొమ్మను నావైపు తిప్పి పట్టుకుంది.

"ఇదేంటి?"

చెప్పాను. "సూదితోక బాతు."

బల్ల మీది పెన్సిల్ నేనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.