గంగాధరం అడిగిన వంతెన

"వంతెనే కావాలయ్యా," అన్నాడు గంగాధరం మూడోసారి.

పంచాయతీ ప్రెసిడెంటు జయరామయ్య చదువుతున్న బడ్జెట్టు కాగితాన్ని బల్లమీద పెట్టాడు. వచ్చే ఏడు దేనికెంత ఖర్చు పెట్టేదీ ఊరిజనానికి చదివి వినిపించి, వాళ్ల మాట తీసుకోవాలని పైనుంచి రూలు. ఆ రూలు ఆయన్ని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఆయన చదివేవాడు, జనం తలలూపేవాళ్లు, గుమస్తా కామాక్షయ్య వేలిముద్రలు వేయించుకునేవాడు. మధ్యలో లేచి మాట్లాడిన మొదటి మనిషి ఈ గంగాధరమే.

ఈసారి అన్ని ఖర్చులూ పోను మూడొందలు మిగిలాయి. ఆ మూడొందలతో పంచాయతీ ఆఫీసుకు రేడియో కొనాలని జయరామయ్య పట్టుదల. పక్క ఊరికి రేడియో వచ్చి ఆరునెలలైంది. అక్కడి ప్రెసిడెంటు కనబడినప్పుడల్లా "మీకింకా రాలేదా?" అని అడుగుతుంటే ఈయనకు నిద్ర పట్టడం లేదు. అదే మూడొందలు పెట్టి, ఊరిని ఆనుకుని పులికాటు సరస్సులోకి పారే కాలవమీద తాటిదూలాల వంతెన వేయమంటాడు గంగాధరం.

వంతెన అడగడంలో వింత లేదు. అడిగినవాడు గంగాధరం కావడమే వింత. కాలవ దాటించే పడవ అతనిదే. ఆ రేవులో గడ పట్టే హక్కు తాతలనాటి నుంచీ ఆ ఒక్క ఇంటిదే, ఇంకో ఇంటివాళ్లు దాన్ని ముట్టరు. అందుకుగాను కోతలప్పుడు ఇంటింటివాళ్లూ అతనికి కుంచెడు వడ్లు కొలుస్తారు. వంతెన పడితే ఆ వడ్లు పోయినట్టే.

"నీ నోటికాడ కూడు నువ్వే తీసేసుకుంటావా?" అని అడిగాడు జయరామయ్య.

"ఈ ఏటినుంచి నాకెవురూ వడ్లు కొలవబళ్లేదయ్యా. వంతెన వెయ్యండి, చాలు."

జనంలో గుసగుసలు లేచాయి. గింజ రాలినా ఏరుకునే గంగాధరం వడ్లు వద్దంటున్నాడంటే వెనక ఏదో ఉండి తీరాలని జయరామయ్యకు గట్టిగా తోచింది.

"దూలాలు నీ చెట్లవా?"

"నాకు తాటిచెట్లు యాడుండాయయ్యా?"

"మేస్త్రీ నీకు చుట్టమా?"

"మేస్త్రీ ఎవురో కూడా తెలవదు."

జయరామయ్య పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న రేడియో బొమ్మ తీసి, అపురూపంగా అతనికి అందించాడు. "ముందు దీన్ని చూసి మాట్లాడు."

గంగాధరం దాన్ని అందుకుని, అట్లాగే పక్కవాడి చేతిలో పెట్టేశాడు. జయరామయ్యకు ఒళ్లు మండిపోయింది. ఈ మధ్య ఇతనికి పొగరు బాగా తలకెక్కింది. మొన్న అవతలి గట్టునుంచి తాను ఎంతసేపు చెయ్యి ఊపినా చూడనట్టే కూర్చున్నాడు. గొంతు పోయేలా కేకేస్తేగాని పడవ కదిలించలేదు.

"అసలు సంగతి నేను చెబతా ఉండయ్యా," అంటూ చేపలమ్మే నాగులమ్మ లేచింది. "పడవెక్కినోళ్లందరినీ ఆ గట్టున ఎవురుండారు, ఆ గట్టున ఎవురుండారు అని ఒకటే అడగడం. పెండ్లాం పోయి నాలుగేళ్లాయె. అక్కడ ఎవుర్నో చూసుకున్నట్టుండాడు. వంతెనుంటే ఎప్పుడంటే అప్పుడు పోయి రావచ్చు గదా."

జనం విరగబడి నవ్వారు. కామాక్షయ్య కూడా కలం కింద పెట్టి నవ్వాడు. గంగాధరం కోప్పడలేదు సరికదా, తానూ నవ్వాడు.

"అట్లే అనుకోండి. వంతెన మటుకు వెయ్యండి."

"గంగాధరం ఉండగా వంతెనెందుకు మనకి?" అంది నాగులమ్మ. "వాళ్ల నాయిన కాలంనుంచి ఒక్కరి కాలు తడవకుండా దాటించినారు."

చేతులెత్తించారు. రేడియోకు లేచిన చేతులు లెక్కపెట్టే ఓపిక కామాక్షయ్యకు లేకపోయింది. నాగులమ్మయితే రెండు చేతులూ ఎత్తింది. వంతెనకు ఒక్క చెయ్యే లేచింది.

ఆ మధ్యాహ్నమే జయరామయ్య బడ్జెట్టు కాగితం జేబులో పెట్టుకుని, సమితి ఆఫీసులో ఇచ్చి రావడానికి పడవెక్కాడు. కాలవ నిండుగా ఉంది. సముద్రపు పోటు తోసుకొస్తోంది. గెలిచిన మనిషి కాబట్టి ఆయనకు గంగాధరంమీద జాలి కలిగింది.

"మనసులో పెట్టుకోబాక. రేడియో ముందర మొదటి చాప నీకే వేయిస్తా."

"మంచిదయ్యా," అంటూ గంగాధరం గడ వేసి పడవ తోశాడు.

నడిమికి వచ్చేసరికి జయరామయ్య ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు. "ఇప్పుడు ఎవురూ లేరు గదా. నాకొక్కడికే చెప్పు. ఆ గట్టున ఎవురామె?"

"ఏ ఆమే లేదయ్యా."

"మరి వంతెన ఎందుకడిగినావు?"

"నేను గడ దించేస్తే పట్టేదానికి మా ఇంట్లో ఇంకో మగోడు లేడు. వేరేవోళ్లు ముట్టరు. ఊరంతా ఈ గట్టునే పడుంటది."

"నిక్షేపంలా ఉండావు. నువ్వెందుకు దించుతావయ్యా గడ?"

గంగాధరం మళ్లీ గడ వేశాడు. గడ సగానికిపైగా నీళ్లలోకి దిగినా అడుగు తగల్లేదు. పడవ పోటుకు పక్కకి కొట్టుకుపోసాగింది. జయరామయ్య జేబులో కాగితాన్ని ఒక చేత్తో, పడవ అంచును రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నలుగుర్లో చెప్పుకునే మాట కాదని ఊరుకున్నా," అన్నాడు గంగాధరం. "అవతలి గట్టు నాకు కనపడక ఏడాదయిందయ్యా."